పరిసయ్యుడు, సుంకరి, సమరయుడు: మూడు బైబిలు మాటల వెనుక ఉన్న మనుషులు

బైబిలు అనువాదాల ద్వారా తెలుగులో స్థిరపడిన మాటల్లో కొన్ని చర్చి గుమ్మం దాటి లోకవ్యవహారంలోకి వెళ్ళాయి. పైకి నిష్ఠగా కనబడుతూ లోపల మరోలా ఉండేవాణ్ణి క్రైస్తవ కుటుంబాల్లో "వాడొట్టి పరిసయ్యుడు" అంటారు. దారిన పడి ఉన్న పరాయి మనిషిని ఆదుకున్నవాణ్ణి క్రైస్తవులే కాదు, పత్రికలవారు కూడా "మంచి సమరయుడు" అంటారు. "సుంకరి" అనే మాట తెలుగు బైబిలు కంటే ఎంతో పాతది. అయినా ఆదివారపు బడిలో దాన్ని మొదటిసారి విన్న పిల్లవాడికి సుంకరి అంటే రొమ్ము కొట్టుకుని దేవుణ్ణి వేడుకునే పాపి అనే తోస్తుంది.

ఈ మూడు మాటలకు నేడున్న అర్థం ఒకటి. క్రీస్తుశకం మొదటి శతాబ్దంలో యూదయ, గలిలయ ప్రాంతాల ప్రజలు వాటిని విని గ్రహించిన అర్థం మరొకటి. రెండింటికీ మధ్య తేడా కొద్దిపాటిది కాదు. పరిసయ్యుడు అప్పట్లో గౌరవవాచకం. సమరయుడు అప్పట్లో తిట్టుకు దగ్గరి మాట. కాలక్రమంలో మొదటిది తిట్టుగా, రెండవది మెచ్చుకోలుగా మారాయి. ఈ మార్పు ఎలా వచ్చిందో తెలియకపోతే లూకా సువార్తలోని రెండు ప్రసిద్ధమైన కథల పదును మనకు అందదు. అంతకంటే ముఖ్యమైన విషయం మరొకటి ఉంది. ఇవి కల్పిత పాత్రల పేర్లు కావు, చరిత్రలో జీవించిన జనసమూహాల పేర్లు. ఒక జనం పేరును ఇతరులు సామాన్య నామంగా వాడుకోవడం మొదలుపెడితే ఆ జనం మాట వినపడకుండా పోతుంది. ఈ విషయాన్ని ఆ మూడు మాటల ఆధారంగానే వివరించడానికి ఈ వ్యాసంలో ప్రయత్నిస్తున్నాము.

మాటలు నడిచి వచ్చిన దారులు

కొత్త నిబంధన గ్రీకు భాషలో రాసిన గ్రంథం. అందులో కనిపించే మనుషులు మాత్రం ఎక్కువగా అరమాయిక్ మాట్లాడినవారు. వారి శాస్త్రభాష హీబ్రూ. కాబట్టి మన చేతికి వచ్చిన మాట రెండు మూడు భాషలు దాటి వచ్చినదన్నమాట. ఇటువంటి మాట ఎదురైనప్పుడు అనువాదకుని ముందు రెండు దారులుంటాయి. మూలశబ్దాన్ని తన భాష నోటికి తగ్గట్టు మలుచుకుని అలాగే ఉంచడం ఒకటి. దానికి దీటైన దేశిమాట వెతికి పెట్టడం రెండవది.

తెలుగులో మొదట అచ్చయిన బైబిలు భాగాలలో లూకా సువార్త ఒకటి. లండన్ మిషనరీ సొసైటీకి చెందిన అగస్టస్ డెస్ గ్రాంజెస్ 1805లో విశాఖపట్నం చేరి, క్రైస్తవం స్వీకరించిన ఆనందరాయరు సాయంతో మత్తయి, మార్కు, లూకా సువార్తలను తెనిగించాడు. అవి 1812లో బెంగాలులోని శ్రీరాంపూరులో అచ్చయ్యాయి. ఎడ్వర్డ్ ప్రిట్చెట్ అనువదించిన కొత్త నిబంధన 1818లో మద్రాసులో వెలువడింది. ఈ రెండు అచ్చుపుస్తకాలూ నేటి తెలుగు రాష్ట్రాల వెలుపల పుట్టినవే కావడం మన పాఠకులకు ఆసక్తి కలిగించే విషయం.

నేడు వాడుకలో ఉన్న తెలుగు బైబిలులో పరిసయ్యుడు, సమరయుడు అనేవి మొదటి దారిన వచ్చినవి. సుంకరి రెండవ దారిన వచ్చినది. 'వేరుపడినవారు' అనే అర్థమిచ్చే అరమాయిక్ మాట 'పెరీషయ్యా' గ్రీకులో 'ఫరిసయ్యోస్' అయి, తెలుగులో 'ఉడు' చేర్చుకుని పరిసయ్యుడయింది. చూడడానికి ఇందులో మన 'అయ్య' ఉన్నట్టుంటుంది గాని, అది కేవలం కాకతాళీయం. యెరికో పట్టణపు ముఖ్య సుంకరి 'జక్కయ్య' కూడా ఇటువంటివాడే. వెంకయ్య, సుబ్బయ్యల సరసన కూర్చోదగినట్టున్న ఆ పేరు నిజానికి 'జక్కాయ్' అనే హీబ్రూ పేరు. 'నిర్మలుడు' అని దాని అర్థం. అలాగే సమరయకూ సమరానికీ సంబంధం లేదు. హీబ్రూలో 'షోమ్రోన్' అనే నగరం పేరు గ్రీకులో 'సమారెయా' అయింది. మన సమరయ దాని నుంచి వచ్చింది.

ఇతర రాష్ట్రాల్లో చదువుకునే మన విద్యార్థులకు ఇక్కడ ఒక సౌలభ్యం ఉంది. ఇరుగుపొరుగు భాషల పాత అనువాదాలను పక్కన పెట్టుకుంటే ఈ దారులు స్పష్టంగా కనబడతాయి. తమిళంలో పరిసేయన్, సమారియన్ అనీ, కన్నడంలో ఫరిసాయ, సమార్య అనీ గ్రీకు ఉచ్చారణను అనుసరించారు. మరాఠీలో పరూశీ, శోమ్రోనీ అనీ, ఒడియాలో ఫారూశీ, శమిరోణీయ అనీ హీబ్రూ ఉచ్చారణకు దగ్గరగా నడిచారు. సుంకరి దగ్గరికి వచ్చేసరికి అన్ని భాషలూ దేశిమాటనే వెతుక్కున్నాయి. తమిళంలో ఆయక్కారన్, కన్నడంలో సుంకదవను, మరాఠీలో జకాతదార్, ఒడియాలో కరగ్రాహీ. అన్నిచోట్లా పన్ను వసూలు చేసేవాడు ఉన్నాడు కనుక అతనికి పేరు కూడా సిద్ధంగా ఉంది. పరిసయ్యుడికీ సమరయుడికీ మన దేశంలో దీటైన మనిషి లేడు. అందుకే ఆ పేర్లు అలాగే వచ్చాయి. అలా వచ్చిన మాట వట్టి గిన్నె వంటిది. అందులో ఏ అర్థం పోస్తే అది నిలుస్తుంది.

పరిసయ్యులు ఎవరు?

పరిసయ్యులు పురోహితులు కారు, ప్రభువులు కారు. ధర్మశాస్త్రాన్ని అధ్యయనం చేసి, నిత్యజీవితంలో ఆచరించాలని పూనుకున్న ఒక వర్గంవారు. మొదటి శతాబ్దపు యూదు చరిత్రకారుడు జోసీఫస్ తన కాలపు యూదులలో పరిసయ్యులు, సద్దూకయ్యులు, ఎస్సీనులు అనే మూడు ప్రధాన మార్గాలను పేర్కొన్నాడు. హేరోదు రాజు కాలంలో పరిసయ్యుల సంఖ్య ఆరువేలకు పైచిలుకని ఆయనే రాశాడు. సంఖ్య చిన్నదే అయినా సామాన్య ప్రజలలో వారికున్న పలుకుబడి పెద్దదని కూడా ఆయన చెప్పాడు.

వారికీ సద్దూకయ్యులకూ మధ్య వివాదం రెండు విషయాల చుట్టూ తిరిగింది. మొదటిది, లిఖితమైన ధర్మశాస్త్రంతో పాటు పెద్దలనుంచి నోటిమాటగా వచ్చిన సంప్రదాయం కూడా ప్రమాణమని పరిసయ్యులు భావించారు. కాలం మారినప్పుడు పాత శాసనాన్ని కొత్త పరిస్థితికి ఎలా అన్వయించాలన్నది వారి ప్రశ్న. రెండవది, చనిపోయినవారు తిరిగి లేస్తారని వారు నమ్మారు. దేవాలయం మీద అధికారం గల సంపన్న పురోహిత కుటుంబాల అండ ఉన్న సద్దూకయ్యులు ఈ రెండింటినీ తిరస్కరించారు. ఈ రెండవ విషయంలో యేసు బోధ సద్దూకయ్యులకు ఎదురుగా, పరిసయ్యుల పక్షాన నిలుస్తుంది. సాధారణంగా ఈ సంగతి ఎవరూ చెప్పరు.

కొత్త నిబంధనను శ్రద్ధగా చదివితే పరిసయ్యుల చిత్రం ఒకే రంగులో ఉండదు. నీకొదేము అనే పరిసయ్యుడు రాత్రివేళ యేసు వద్దకు వచ్చి ప్రశ్నలడిగాడు. హేరోదు నిన్ను చంపాలని చూస్తున్నాడు, ఇక్కడినుంచి వెళ్ళిపొమ్మని యేసును హెచ్చరించినవారు పరిసయ్యులేనని లూకా 13వ అధ్యాయం చెబుతుంది. అపొస్తలులను చంపవద్దని సభలో వాదించిన గమలీయేలు పరిసయ్యుడు. ఆ గమలీయేలు పాదాల వద్ద చదువుకున్నానని చెప్పుకున్న పౌలు తాను పరిసయ్యుడనని సగర్వంగా ప్రకటించుకున్నాడు.

మరి నిందార్థం ఎక్కడినుంచి వచ్చింది? మత్తయి సువార్త 23వ అధ్యాయంలో శాస్త్రులనూ పరిసయ్యులనూ ఉద్దేశించి తీవ్రమైన నిందావాక్యాలున్నాయి. అక్కడ వారికి వాడిన గ్రీకు మాట 'హిపోక్రితేస్'. నాటకంలో పాత్ర కట్టినవాడు అని దాని అసలర్థం. దానికి తెలుగు అనువాదకులు పెట్టిన 'వేషధారి' అనే మాట అచ్చంగా సరిపోయింది. వీధినాటకం, యక్షగానం తెలిసిన మన భాషలో వేషం కట్టడమంటే ఏమిటో విడమరచనక్కరలేదు. అయితే వేషధారి అనేది ఒక దోషానికి పేరు. పరిసయ్యుడనేది ఒక వర్గానికి పేరు. రెండూ పక్కపక్కన ఉండి ఉండి చివరికి ఒకటే అయిపోయాయి.

ఇక్కడ కాలక్రమం గమనించాలి. క్రీ.శ. 70లో రోమన్ సైన్యం యెరూషలేము దేవాలయాన్ని నాశనం చేసింది. దేవాలయంతో పాటే సద్దూకయ్యుల ప్రాబల్యం అంతరించింది. పరిసయ్య సంప్రదాయానికి వారసులైన పండితులు యవ్నే పట్టణం కేంద్రంగా యూదుమతాన్ని నిలబెట్టారు. వారి వాదప్రతివాదాలు క్రీ.శ. 200 ప్రాంతంలో మిష్నా అనే గ్రంథంగా కూర్చబడ్డాయి. ప్రాణాపాయం ఉందేమోనన్న అనుమానమున్నా సరే, విశ్రాంతిదిన నియమాన్ని పక్కన పెట్టి మనిషిని కాపాడాలని ఆ గ్రంథంలో ఉంది. మత్తయి, లూకా సువార్తలు దేవాలయం కూలిన తరువాతనే రచితమయ్యాయని ఎక్కువమంది పండితుల అభిప్రాయం. అంటే ఆ సువార్తలు వెలువడే నాటికి, ఒకే ఇంట పుట్టిన రెండు సమాజాలు వారసత్వం కోసం వాదులాడుకుంటున్నాయి. ఇంటిలోని దాయాదుల తగవులో వాడిన మాటలను తరువాతి శతాబ్దాలలో బయటివారు చదివి, ఒక జాతిమొత్తం స్వభావ వర్ణనగా తీసుకున్నారు. ఐరోపాలో పరిసయ్యుణ్ణీ యూదునీ ఒకటి చేసి నిందించే అలవాటు శతాబ్దాల తరబడి సాగింది. యూదులపై ద్వేషానికి అది ఒక ఆధారమైంది. 1965లో రెండవ వాటికన్ మహాసభ యూదులను శాపగ్రస్తులుగా చూపే బోధను తిరస్కరించింది. 2019 మే నెలలో రోములోని పొంటిఫికల్ బిబ్లికల్ ఇన్‌స్టిట్యూట్ పరిసయ్యుల గురించే ప్రత్యేకంగా ఒక అంతర్జాతీయ సదస్సు జరిపింది. ఒక్క మాటను సరిదిద్దడానికి అంత కాలం, అంత శ్రమ అవసరమయ్యాయి.

సుంకరి వృత్తి

గ్రీకులో 'తెలోనేస్' అంటే సుంకం వసూలు చేసేవాడు. లాటిన్ అనువాదంలో దానిని 'పబ్లికానుస్' అన్నారు. రోమునగరంలో పబ్లికానులంటే ప్రభుత్వ ఆదాయాన్ని గుత్తకు తీసుకునే కోటీశ్వరులు. గలిలయ దారుల్లో గుడిసె వేసుకుని సరుకు మీద సుంకం పట్టే సామాన్యుడు ఆ కోవకు చెందినవాడు కాడు. యానాంలో ఫ్రెంచి చదువుకున్నవారికి 'పుబ్లికేన్' అనే మాట పరిచయమై ఉండవచ్చు. అది ఈ లాటిన్ దారినుంచే వచ్చింది. ఈ ఒక్క మాట విషయంలో మన సుంకరి లాటిన్ మాటకంటే సత్యానికి దగ్గరగా ఉన్నాడు.

అప్పట్లో వసూలు పద్ధతి గుత్త పద్ధతి. ఒక ప్రాంతపు సుంకాన్ని ఇంత మొత్తానికని పాడుకున్నవాడు ప్రభుత్వానికి ఆ మొత్తానికి జవాబుదారీ. తరువాత ప్రజలనుంచి ఎంత రాబట్టుకుంటే అంత అతని రాబడి. అందువల్ల ఎక్కువ గుంజడం ఆ ఏర్పాటులోనే ఉంది. నిర్ణయించిన దానికంటే ఎక్కువ తీసుకోవద్దని బాప్తిస్మమిచ్చు యోహాను సుంకరులకు చెప్పినట్టు లూకా 3వ అధ్యాయంలో ఉంది. ఆ వృత్తి మానుకోమని ఆయన అనలేదు. గలిలయ క్రీ.శ. 39 వరకు హేరోదు అంతిప పాలనలో ఉంది గనుక కపెర్నహూము సుంకపు మెట్టు దగ్గర కూర్చున్న లేవి వంటివారు పనిచేసింది అంతిప కోసమే. యూదయ క్రీ.శ. 6 నుంచి రోమన్ అధికారుల పాలనలోకి వచ్చింది. యెరికోలో జక్కయ్య వసూలు చేసినది రోము ఖజానాకు చేరేది. ఎవరి ఖజానాకైనా, తమ ఊరివాడే తమను దోచి పరాయి గద్దెకు కడుతున్నాడన్న కోపం జనానికి ఉండేది.

తెలుగువారికి ఈ కోపం కొత్తది కాదు. "సుంకరి దగ్గర సుఖదుఃఖాలు చెప్పుకున్నట్టు" అని మన సామెత. దారిలో ఆపినవాడు కష్టం వినడానికి ఆపడు కదా! కాకతీయ గణపతిదేవుడు 1244 ప్రాంతంలో వేయించిన మోటుపల్లి అభయ శాసనంలో, ఓడ పగిలిన వర్తకుల సరుకును ఇకపై రాజు స్వాధీనం చేసుకోడని, నిర్ణీతమైన సుంకం మాత్రమే తీసుకుంటాడని హామీ ఉంది. సుంకం తప్ప మరేమీ తీసుకోమని రాతిమీద చెక్కించవలసి వచ్చిందంటే, అంతకు ముందటి పరిస్థితిని ఊహించుకోవచ్చు. 'సుంకర' అనే ఇంటిపేరు నేటికీ మనలో ఉంది. కాబట్టి ఈ మాట మన చెవికి పరాయిది కాదు.

ఇప్పుడు లూకా 18వ అధ్యాయంలోని కథను చూద్దాం. ఇద్దరు మనుషులు దేవాలయానికి వెళ్ళారు. పరిసయ్యుడు తాను వారానికి రెండుసార్లు ఉపవాసముంటాననీ, రాబడి అంతటిలో పదోవంతు ఇస్తాననీ, ఈ సుంకరివంటివాణ్ణి కానందుకు కృతజ్ఞుణ్ణనీ చెప్పుకున్నాడు. సుంకరి దూరంగా నిలబడి కరుణించమని మాత్రమే వేడుకున్నాడు. నీతిమంతుడుగా ఇంటికి వెళ్ళినవాడు సుంకరి అని కథ ముగుస్తుంది.

నేటి పాఠకుడికి ఇందులో ఆశ్చర్యం ఏమీ ఉండదు. పరిసయ్యుడంటే చెడ్డవాడని ముందే తెలుసు గనుక అతడు ఓడిపోవడం సహజమే అనిపిస్తుంది. మొదట విన్నవారి సంగతి వేరు. ఆ పరిసయ్యుడు చెప్పుకున్నవి అబద్ధాలు కావు. అతడు నిజంగా ఉపవాసముండేవాడు, నిజంగా దానమిచ్చేవాడు. ఊళ్ళో పదిమందీ నమస్కరించే మనిషి. సుంకరి నిజంగా జనాన్ని పీడించినవాడు. మన ఊళ్ళ లెక్కలో చెప్పాలంటే, ఏటా అన్నదానం చేయించే పెద్దమనిషినీ, తాకట్టు పొలాలు మింగిన వడ్డీవ్యాపారినీ పక్కపక్కన నిలబెట్టి, రెండవవాడే మేలన్నట్టు. ఆ మాట వినగానే కోపం రావాలి. ఆ కోపం రానివాడికి కథ అందనట్టే. ఇంకొక చిక్కు కూడా ఉంది. ఈ కథ చదివి, ఆ పరిసయ్యుడి వంటివాణ్ణి కానందుకు దేవుడికి దండం పెట్టుకునేవాడు, ఆ పరిసయ్యుడి ప్రార్థననే తిరిగి చేస్తున్నాడు.

సమరయులు ఎవరు?

ఒమ్రీ అనే ఇశ్రాయేలు రాజు క్రీ.పూ. తొమ్మిదవ శతాబ్దంలో సమరయ నగరాన్ని కట్టించాడు. క్రీ.పూ. 722 ప్రాంతంలో అష్షూరు సామ్రాజ్యం ఆ నగరాన్ని జయించింది. అష్షూరు రాజు అక్కడి ప్రజలను తరలించి, ఇతర దేశాలవారిని తెచ్చి నింపాడనీ, సమరయులు వారి సంతతేననీ యెరూషలేము పక్షంవారి కథనం. సమరయుల కథనం వేరు. తాము ఎక్కడికీ పోలేదనీ, మోషే ధర్మశాస్త్రాన్ని యథాతథంగా కాపాడుకుంటూ వచ్చిన ఇశ్రాయేలీయులమనీ వారు చెబుతారు. తమను తాము 'షామెరీమ్', అనగా కాపాడేవారు అని చెప్పుకుంటారు. సమరయులు అనేది ఇతరులు పెట్టిన ఊరిపేరు. కాపాడేవారు అనేది వారి సొంత పేరు. క్రీ.పూ. రెండవ శతాబ్దం నాటికే కొందరు సమరయులు గ్రీకుదేశంలోని దేలోస్ ద్వీపంలో స్థిరపడ్డారు. అక్కడ దొరికిన గ్రీకు శాసనాల్లో వారు తమను ఇశ్రాయేలీయులుగానే పేర్కొని, తమ పవిత్రగిరి గెరిజీముకు కానుకలు పంపేవారమని రాసుకున్నారు.

యూదులకూ వీరికీ మధ్య తగవు ప్రధానంగా ఆరాధనాస్థలం గురించినది. యూదులకు యెరూషలేము, సమరయులకు గెరిజీము కొండ. యూదు పాలకుడు యోహాను హిర్కానుస్ క్రీ.పూ. రెండవ శతాబ్దం చివర గెరిజీము మీది దేవాలయాన్ని ధ్వంసం చేశాడు. ప్రతీకారాలు రెండువైపులా జరిగాయి. క్రీ.శ. 6 తరువాతి కొద్ది ఏళ్ళలో, పస్కా పండుగ రాత్రి కొందరు సమరయులు యెరూషలేము దేవాలయంలో మనుషుల ఎముకలు చల్లి మైలపరిచారని జోసీఫస్ రాశాడు. యేసు యౌవనంలోని యూదుల జ్ఞాపకాల్లో ఈ సంఘటన పచ్చిగానే ఉండి ఉంటుంది. లూకా 9వ అధ్యాయంలో ఒక సమరయ గ్రామం యేసుకు బస ఇవ్వడానికి నిరాకరిస్తే, ఆకాశంనుంచి అగ్ని రప్పించి ఆ ఊరిని కాల్చేద్దామా అని ఇద్దరు శిష్యులు అడుగుతారు. దాని తరువాతి అధ్యాయంలోనే సమరయుని కథ వస్తుంది.

యెరూషలేము నుంచి యెరికో దాకా దారి సుమారు 27 కిలోమీటర్లు. అంత దూరంలో దాదాపు వెయ్యి మీటర్ల పల్లం దిగాలి. దొంగలకు అనువైన కొండదారి. దెబ్బలు తిని పడి ఉన్న మనిషిని చూసి ఒక యాజకుడు, ఆ తరువాత ఒక లేవీయుడు పక్కనుంచి వెళ్ళిపోయారు. ఆనాటి యూదు సమాజాన్ని చెప్పేటప్పుడు యాజకులు, లేవీయులు, ఇశ్రాయేలీయులు అని మూడు తరగతులుగా చెప్పడం పరిపాటి. కాబట్టి మూడవవాడు సామాన్యుడైన ఇశ్రాయేలీయుడు వస్తాడని శ్రోతలు ఎదురుచూస్తారు. వచ్చినవాడు సమరయుడు. అతడు గాయాలకు కట్టు కట్టి, తన వాహనం మీద ఎక్కించి, సత్రంలో చేర్చి, రెండు దేనారాలు ఇచ్చాడు. ఒక దేనారం కూలివాడి ఒకరోజు కూలి. పైన ఖర్చయితే తిరిగి వచ్చేటప్పుడు ఇస్తానని మాట కూడా ఇచ్చాడు.

ఈ కథ చెప్పించిన ప్రశ్న "నా పొరుగువాడెవడు?" అన్నది. కథ చివర యేసు ప్రశ్నను తిప్పి, పడి ఉన్నవానికి ఎవడు పొరుగువాడయ్యాడని అడుగుతాడు. ప్రశ్న వేసిన శాస్త్రజ్ఞుడు 'సమరయుడు' అనే మాట పలకడు; జాలి చూపినవాడని మాత్రం అంటాడు. ఆ పేరు నోట పట్టించుకోవడానికే అతనికి మనసొప్పలేదని వ్యాఖ్యాతలు అంటారు.

మూలకథలో 'మంచి' అనే విశేషణం ఎక్కడా లేదు. అది తరువాతివారు శీర్షికలో చేర్చినది. "మంచి సమరయుడు" అంటే మిగిలినవారు మంచివారు కారన్న ధ్వని ఉంది. మన దేశంలో 2019 నాటి మోటారు వాహనాల సవరణ చట్టం 134ఎ సెక్షను, రోడ్డు ప్రమాదంలో గాయపడినవారికి మేలు తలచి సాయపడేవారిని వేధింపులనుంచి రక్షిస్తుంది. ఆంగ్లమూలంలో వారికి పెట్టిన పేరు ఇదే. చట్టం మేలైనదే. కాని ఆ పేరుగల జనం నేటికీ ఉన్నారన్న సంగతి తెలిసినవారు తక్కువ.

బైజాంటియన్ ప్రభువుల కాలంలో సమరయుల తిరుగుబాట్లు అణచివేయబడి వారి సంఖ్య క్షీణించింది. మొదటి ప్రపంచయుద్ధం నాటికి సుమారు నూట యాభై మంది మిగిలారు. నేడు ఎనిమిది వందలకు పైగా ఉన్నారు. కొందరు నాబ్లస్ పట్టణం చెంత గెరిజీము కొండ మీద, కొందరు టెల్ అవీవ్ సమీపంలోని హోలోన్‌లో నివసిస్తున్నారు. ఏటా పస్కా పండుగకు కొండమీద గొర్రెలను బలి ఇస్తారు. ప్రాచీన హీబ్రూ లిపినుంచి వచ్చిన తమ సొంత లిపిలో ధర్మశాస్త్రాన్ని రాసుకుంటారు, చదువుకుంటారు. సమరయుడనే మాటను ప్రపంచమంతా వాడుకుంటోంది. ఆ లిపి చదవగలవారు మాత్రం వందల్లోనే ఉన్నారు.

మన పేరుకు జరిగినదీ ఇదే

పేరు జారిపోవడం మనకు తెలియని సంగతి కాదు. పద్దెనిమిదో శతాబ్దంలో ఈస్టిండియా కంపెనీ దక్షిణాదిన చేర్చుకున్న సిపాయిలను ఉత్తరాదివారు 'తిలంగాలు' అన్నారు. క్రమంగా తెలుగువారైనా కాకున్నా కంపెనీ సిపాయి అయితే చాలు, తిలంగా అయిపోయాడు. 1857లో ఢిల్లీ చేరిన తిరుగుబాటు సైనికులలో చాలామంది అవధ్, బీహారు ప్రాంతాలవారు. అయినా ఢిల్లీవాసులు వారిని తిలంగాలనే పిలిచారు. తమిళంలో మన పూర్వులను 'వడుగర్' అన్నారు. ఉత్తరంనుంచి వచ్చినవారని దాని అర్థం. తమిళనాడులో తరతరాలుగా ఉంటున్న కుటుంబాలకు ఆ పేరు నిన్నమొన్నటి వరకు అంటిపెట్టుకునే ఉంది. అది ఇరుగుపొరుగువారు దిక్కునుబట్టి పెట్టిన పేరు. మనకు మనం తెలుగువారం. సమరయులకూ షామెరీమ్‌కూ మధ్య ఉన్న తేడా ఇటువంటిదే.

కాబట్టి ఇటువంటి మాట ఎదురైనప్పుడు విద్యార్థులు మూడు ప్రశ్నలు వేసుకోవాలని మా సూచన. ఈ పేరు ఎవరు పెట్టారు? ఆ పేరుగలవారు తమను తాము ఏమని పిలుచుకున్నారు? మొదట విన్నవారికి ఈ మాట మెచ్చుకోలా, తిట్టా? ఈ ప్రశ్నలు మతవిశ్వాసానికి సంబంధించినవి కావు. క్రైస్తవులు, ఇతర మతస్థులు, ఏ మతమూ లేనివారు సమానంగా వేసుకోదగినవి.

అభ్యాసంగా ఒక చిన్న పని చేయవచ్చు. ఇంట్లోనో గ్రంథాలయంలోనో ఉన్న తెలుగు బైబిలునూ, మీరున్న రాష్ట్రభాషలోని బైబిలునూ పక్కపక్కన పెట్టుకుని లూకా 10, 18 అధ్యాయాలు చదవండి. ఏ మాటను ఏ భాష అలాగే ఉంచిందో, ఏ మాటకు సొంత మాట పెట్టుకుందో రాసుకోండి. రెండు లిపులు వచ్చిన విద్యార్థికి, ఒక్క లిపి మాత్రమే వచ్చినవారికి కనబడనివి అందులో చాలా కనబడతాయి.